ఏడో దిమ్మ మీద ప్రోగ్రాం

ధాన్య నిల్వల సంస్థ సర్వర్‌లో జాగా అయిపోవచ్చింది. సంగతి సెప్టెంబరులో బయటపడింది.

సర్వర్ వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు సంస్థ ప్రోగ్రాములు బయటి కంపెనీ దగ్గర ఉండేవి. మన ధాన్యం మన గోదాముల్లో ఉన్నట్టే మన ప్రోగ్రాములు మన గదిలో ఉండాలని బోర్డు తీర్మానించింది. కాలవ రోడ్డులో సంస్థ గోదాములున్న ఆవరణలోనే ఒక గదికి ఏసీ పెట్టి, సర్వర్ తెచ్చి, ఛైర్మన్ గారి చేత రిబ్బను కత్తిరింపించారు. ప్రారంభోత్సవాన్ని మూడు కెమెరాలతో వీడియో తీశారు. వీడియో భద్రంగా ఉండాలని దాన్ని ఆ సర్వర్‌లోనే పెట్టారు. సర్వర్‌లో మూడో వంతు జాగా దానికి పోయింది.

సర్వర్‌ను చూసుకునే ఆపరేటర్ బొంతు ఇమ్మానుయేలు పై అధికారులకు ఒక నోటు పంపాడు. వీడియోను తీసి వేరేచోట పెట్టవచ్చు. ఇంకో డిస్కు కొనవచ్చు. లేదా ఒక్కో రిపాజిటరీ ఇంతకు మించి పెరగరాదని పరిమితి పెట్టవచ్చు. ఏదో ఒకటి చెప్పమన్నాడు.

వీడియోలో ఛైర్మన్ గారున్నారు కాబట్టి మొదటి సూచనను ఎవరూ పైకి చదవలేదు. డిస్కు కొనాలంటే టెండరు పిలవాలి. టెండరు షరతులు రాసే కమిటీ గడువు ముగిసింది, కొత్త కమిటీ వేయలేదు. ఇక పరిమితి మిగిలింది.

ఒక ప్రోగ్రామూ, మొదలుపెట్టిన రోజు నుంచి దానికి చేసిన ప్రతి మార్పూ, ఆ మార్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నదీ కలిపి ఉంచే చోటును ప్రోగ్రామర్లు రిపాజిటరీ అంటారు. దేనికి ఎంత పరిమితో వేయడానికి సర్వర్ సెట్టింగుల పేజీలో ఒక గడి ఉంటుంది. అందులో అంకె వేసి సేవ్ నొక్కాలి. అది నిమిషం పని అని ఇమ్మానుయేలు నోటులో రాశాడు.

ఆ వాక్యం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీసి, "అంకె ఎంత అన్నది విధానపరమైన అంశం" అని రాశారు. సంస్థలో నిల్వకు సంబంధించిన ఏ ఫైలైనా జనరల్ మేనేజర్ (నిల్వలు) దగ్గరకు వెళ్లాలి. ఇదీ వెళ్లింది.

జనరల్ మేనేజర్ చిర్రావూరి దక్షిణామూర్తి గారి ఉద్యోగమంతా గోదాముల్లో గడిచింది. నిల్వల మాన్యువల్‌లో ఏ పేజీలో ఏముందో పుస్తకం తెరవకుండా చెప్పగలరు. ఫైలు అందిన మర్నాడు ఆయన సర్వర్ గదికి వచ్చి, సర్వర్ చుట్టూ ఒకసారి తిరిగారు.

"దీని సామర్థ్యం ఎంత?" అని అడిగారు.

"రెండు టెరాబైట్లండి," అన్నాడు ఇమ్మానుయేలు.

"టన్నుల్లో చెప్పవయ్యా."

"టన్నుల్లో రాదండి."

"ఎందుకు రాదు? ఉప్పు వస్తుంది, సిమెంటు వస్తుంది, ఎండుమిరప వస్తుంది. టన్నుల్లో రాని సరుకు మన సంస్థకి ఇంతవరకు రాలేదు."

గదిలో మూలన ఒక బల్ల దగ్గర కొప్పిశెట్టి హైమ పనిచేస్తోంది. కాంట్రాక్టు ప్రోగ్రామరు. కిందటేడు వడ్ల కొనుగోలు మొదలైన వారంలో ట్రాక్టర్లన్నీ ఒకేసారి వచ్చి గేటు దగ్గర నుంచి వంతెన దాకా నిలిచిపోయాయి. వాన పడింది. బస్తాల్లో వడ్లు మొలకెత్తాయి. ఈసారి ప్రతి రైతుకూ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గోదాముకు రావాలో టోకెన్ ఫోనుకే పంపాలని కలెక్టరు ఆదేశించారు. ఆ టోకెన్ల ప్రోగ్రాం హైమ రాస్తోంది. నవంబరులో కొనుగోలు మొదలయ్యే రోజుకు అది పనిచేయాలి. ఆమె కాంట్రాక్టు ముగిసేదీ ఆ రోజే. టోకెన్లు వెళితే పొడిగిస్తారు, వెళ్లకపోతే లేదు.

దక్షిణామూర్తి గారు ఆమె వైపు తిరిగారు. "అమ్మాయ్, నీ సరుకెంత?"

"నూట తొంభై మెగాబైట్లండి. గోదాముల పటాలన్నీ అందులోనే ఉన్నాయి."

"పటాలా? సరే. కమిటీ నిర్ణయిస్తుంది."

కోడు నిల్వల పరిమితి నిర్ధారణ కమిటీ మూడుసార్లు సమావేశమైంది. నిల్వ ఏదైనా నిల్వేననీ, గోదాముల్లో జాగా కేటాయించే పద్ధతే ఇక్కడా వర్తిస్తుందనీ తేల్చింది. ఆ పద్ధతి ప్రకారం జాగాను హోదాను బట్టి ఇవ్వాలి. జనరల్ మేనేజరుకు రెండువందల గిగాబైట్లు, డిప్యూటీలకు వంద చొప్పున, మేనేజర్లకు యాభై చొప్పున కేటాయించారు. పర్మనెంటు సిబ్బందికి ఒక్కొక్కరికి ఒక గిగాబైటు. కాంట్రాక్టు సిబ్బందికి రెండువందల మెగాబైట్లు. సంస్థలో ప్రోగ్రాములు రాసేది ముగ్గురు. ముగ్గురూ కాంట్రాక్టు సిబ్బందే.

ఇమ్మానుయేలు గడుల్లో అంకెలు వేశాడు. నిమిషం పని కాలేదు. అధికారులకు రిపాజిటరీలు లేవు కాబట్టి ముందు వాటిని తయారుచేయవలసి వచ్చింది.

అక్టోబరులో నిల్వల తనిఖీ జరిగింది. అధికారుల రిపాజిటరీలన్నీ ఖాళీగా ఉన్నట్టు తేలింది. గోదాములో జాగా తీసుకుని వాడకపోవడం మాన్యువల్ ప్రకారం తప్పు. పద్దెనిమిది మందికి మెమోలు వెళ్లాయి. "మీకు కేటాయించిన స్థలమునందు గింజ కూడా నిల్వ చేయకపోవుటకు గల కారణములను లిఖితపూర్వకముగా తెలుపగలరు" అని వాటిలో ఉంది.

అధికారులు నిల్వ చేయడం మొదలుపెట్టారు. లా ఆఫీసరు కోర్టు తీర్పులు స్కాన్ చేయించి పెట్టారు. అకౌంట్స్ డిప్యూటీ ఇంట్లో వాళ్లు చూసే సీరియల్ మొదటి ఎపిసోడు నుంచి పెట్టారు. సీరియల్ ఇంకా నడుస్తోంది కాబట్టి తనకు కేటాయింపు పెంచాలని దరఖాస్తు కూడా చేసుకున్నారు. దక్షిణామూర్తి గారు మనవడి అన్నప్రాశన ఫొటోలు పెట్టారు. రెండువందల గిగాబైట్లు నిండలేదు. అవే ఫొటోలు మళ్లీ పెట్టారు.

హైమ రిపాజిటరీ మాత్రం పరిమితికి దగ్గర్లోనే ఉంది. పాత పటాలు తీసేయమని ఆమెకు మెమో వచ్చింది. తీసేసింది. మర్నాడు జనరల్ మేనేజరు పిలిపించారు.

"నిన్నటి నిల్వ?" అన్నారు.

"నూట తొంభై అండి."

"పాత పటాలు తీశావు కదా. ఇవాళ?"

"నూట తొంభైకి కాస్త పైన అండి."

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీశారు. "తీస్తే పెరిగిందా?"

"తీసిన సంగతి కూడా రాసుకుంటుందండి. తీసిన పటాలు వెనకాల ఉంటాయి. రేపు అవసరమైతే మళ్లీ తెచ్చుకోవాలి కదండీ."

"అంటే సరుకు గేటు దాటినట్టు రాశావు. సరుకు మాత్రం లోపలే ఉంది."

"అంతేనండి."

"అమ్మాయ్, ఇలా రాసినందుకు నేను ముగ్గుర్ని సస్పెండ్ చేశాను."

ఆయన కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"నువ్వు చిన్నదానివి. తెలియక చేశావు. వెనకాల ఉన్నవి కూడా తీసెయ్యి. అన్నిటికన్నా పాతవి ముందు తియ్యి. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. సంస్థ నడిచేది దాని మీద."

"పాతవాటి మీదే కొత్తవి నిలబడ్డాయండి. అడుగు బస్తా లాగితే నెట్టు పడిపోతుంది."

ఆయన ఫైలు ముందుకు లాక్కున్నారు. "నెట్టు గురించి నీకెవరు చెప్పారు?"

"కిటికీలోంచి రోజూ చూస్తున్నానండి. ముఠా కూలీలు బస్తాలతో కడుతుంటారు."

"అడుగు బస్తా లాగకూడదు. అది నిజమే," అని ఫైలులో రాసుకున్నారు. "అయితే తరుగైనా చూపించు. వడ్లు నిలవుంటే నెలకి ఇంతని తగ్గుతాయి. అసలు తగ్గని సరుకంటే ఆడిటు వాళ్లకి అనుమానం వస్తుంది."

తరుగు మీద సర్క్యులరు వచ్చింది. మిగతా ఇద్దరు ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లోని వివరణలు కొట్టేశారు. వివరణలు ఎందుకు కొట్టేశారన్న వివరణ చేరి నిల్వ పెరిగింది. ఇద్దరికీ మెమోలు వెళ్లాయి.

కొనుగోలు ఇంకో వారంలో మొదలవుతుందనగా కలెక్టరేట్ నుంచి కబురొచ్చింది. గోదాములు నిండితే ఆరుబయట సిమెంటు దిమ్మల మీద కూడా వడ్లు దింపుతారు కాబట్టి టోకెన్‌లో దిమ్మ నంబరూ ఉండాలన్నారు. హైమ దిమ్మల పటాలు గీయించి, ప్రోగ్రాం మార్చి, సర్వర్‌కు పంపింది. సర్వర్ తీసుకోలేదు. పరిమితి దాటిందని తెర మీద ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

"ఎంత దాటింది?" అన్నాడు ఇమ్మానుయేలు.

"పన్నెండు మెగాబైట్లు. గడిలో అంకె మార్చేయ్, అన్నా."

"మారిస్తే నా ఉద్యోగం పోద్దమ్మా. అడిగొస్తానుండు."

అడిగి వచ్చాడు. పరిమితుల సవరణ ఆర్థిక సంవత్సరం మొదట్లోనే చేపడతారు. అంటే ఏప్రిల్. సర్వర్‌లో ఉన్న ప్రోగ్రాం తప్ప ఇంకోటి నడపకూడదని బోర్డు తీర్మానం ఉంది కాబట్టి ల్యాప్‌టాప్‌లోంచి నడపడానికీ వీల్లేదు.

"అకౌంట్స్ సారుని అడుగుదామా? సీరియల్ కాస్త తీస్తారేమో," అంది హైమ.

"అడిగానమ్మా. కథ ఇప్పుడే మలుపు తిరుగుతోందన్నారు."

హైమ బల్ల దగ్గర కూర్చుని కిటికీలోంచి చూసింది. బయట ముఠా కూలీలు దిమ్మలు ఊడుస్తున్నారు. ఆమె లేచి, నిల్వల మాన్యువల్ ఎక్కడుందని అడిగింది. ఒక ప్రతి సర్వర్ బల్ల కాలి కింద ఉంది. ఇమ్మానుయేలు బల్ల ఎత్తిపట్టుకుంటే ఆమె లాగింది. ఆ రోజు ఇంకేమీ చేయలేదు. అదే చదివింది.

మర్నాడు జనరల్ మేనేజరు గది తలుపు తీయగానే లోపలికి వెళ్లింది.

"సార్, నా సరుకు పన్నెండు మెగాబైట్లు పరిమితి దాటింది. లోపల జాగా లేదు. ఆరుబయట నిల్వకి అనుమతి కావాలండి."

దక్షిణామూర్తి గారు పెన్ను కింద పెట్టారు. "ఏ అధ్యాయం?"

"పన్నెండండి. సీజనులో గోదాము చాలకపోతే మిగిలిన సరుకుని దిమ్మ మీద బరకం కప్పి ఉంచొచ్చు. బోర్డుతో పని లేదు. జనరల్ మేనేజరు అధికారం."

"చదివావా?"

"మొత్తం చదివానండి."

"పన్నెండో అధ్యాయం ఎవరూ చదవరమ్మా," అన్నారు ఆయన. "ఆ అధ్యాయం సవరించిన కమిటీలో నేనున్నాను. కాఫీ తాగుతావా?"

అనుమతి గంటలో వచ్చింది. సర్వర్ గది కిటికీకి ఎదురుగా ఉన్న ఏడో దిమ్మ కేటాయించారు. హార్డ్‌డిస్కు ఒకటి బీరువాలో దొరికింది. ప్రారంభోత్సవం వీడియోను కెమెరావాళ్లు అందులోనే తెచ్చి ఇచ్చారు. వీడియో అందులో ఇంకా ఉంది. అది రెండో ప్రతి కాబట్టి తుడిచేయడానికి అభ్యంతరం రాలేదు.

మాన్యువల్ ప్రకారం సరుకు నేలకు తగలకూడదు. చెక్కలు పరవాలి, బరకం కప్పాలి, నాలుగు వైపులా తాళ్లతో బిగించాలి. ముఠా మేస్త్రీ కూలీలతో వచ్చాడు.

"ఎన్ని బస్తాలండి?" అని ఇమ్మానుయేలును అడిగాడు.

"బస్తా కాదు. ఇదిగో, ఇది."

మేస్త్రీ హార్డ్‌డిస్కును అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూశాడు. "ఇదేటండీ, సబ్బుబిళ్లంత లేదు. దీనికి నలుగురం ఎందుకండీ?"

"రూలు."

"రూలైతే సరేనండి. ఒరే, జాగర్తగా పట్టండ్రా."

నలుగురూ పట్టుకుని దిమ్మ మధ్యలో పెట్టారు. నూటయాభై టన్నుల వడ్ల మీద కప్పే బరకం దాని మీద కప్పారు. సర్వర్ నుంచి కిటికీ గుండా కేబుల్ లాగి బరకం కిందకు దూర్చారు. వాచ్‌మన్ పోలయ్యను కాపలా పెట్టారు.

"ఎవరైనా వస్తే ఏం చెయ్యాలండి?" అన్నాడు పోలయ్య.

"ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అన్నాడు ఇమ్మానుయేలు.

"ఆయ్. ఎలకలొస్తేనండి?"

దానికీ మాన్యువల్‌లో ఉంది. బోను పెట్టారు.

హైమ ప్రోగ్రామును పంపింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. మొదటి రోజు టోకెన్లు రైతుల ఫోన్లకు వెళ్లాయి.

కొనుగోలు మొదలైన రోజు గేటు దగ్గర వరస లేదు. ట్రాక్టర్లు చెప్పిన గంటకు వచ్చి, దింపి, వెళ్లాయి. కలెక్టరు ఫోను చేసి, గేటు మూసేశారా అని అడిగారు. మూయలేదని తెలిసి అభినందించారు. మధ్యాహ్నానికి గోదాములు నిండి దిమ్మల వంతు వచ్చింది. ఉన్న ఏడు దిమ్మల్లో ఆరు నిండాయి. తరవాత నక్కా ఏడుకొండలు అనే కౌలు రైతు ట్రాక్టరు మీద వడ్లు తెచ్చాడు. ఆయన టోకెన్ మీద ఏడో దిమ్మ అని ఉంది.

"ఇక్కడ కాదండి, ఇక్కడ సరుకుంది," అన్నాడు పోలయ్య.

"ఏదయ్యా సరుకు? బరకం నేలకి అంటుకుపోయుంది. కింద ఏటన్నా ఉంటేగా!"

"ఉందండి. కనపడదు."

"కనపడని సరుకేటయ్యా? ఇదిగో నా ఫోనులో మీవోళ్లే పంపారు. ఏడో దిమ్మ. చదువుకో."

హైమ వచ్చి చూసింది. టోకెన్ సరిగ్గానే ఉంది. వడ్లు ఉన్న దిమ్మలను ప్రోగ్రాం వదిలేస్తుంది. ఏడో దిమ్మ మీద వడ్లు లేవు, ప్రోగ్రామే ఉంది. అది తనను తాను లెక్కలోకి తీసుకోలేదు.

జనరల్ మేనేజరు వచ్చేసరికి చుట్టూ జనం చేరారు. ఆయన టోకెన్ చూశారు, బరకం చూశారు.

"ఒక దిమ్మ మీద ఇద్దరి సరుకు కలపరాదు," అన్నారు.

"కలపద్దండి. ఆ డబ్బా తీసి లోపలెట్టుకోండి. నా బస్తాలు దింపుకుంటా," అన్నాడు ఏడుకొండలు.

"అవును సార్. లోపల నా బల్ల మీద పెడతాను," అంది హైమ.

"అది పరిమితి దాటిన సరుకమ్మా. లోపలికి రానివ్వడానికి నాకు అధికారం లేదు."

"మరి నా వడ్లండీ? మబ్బేసింది చూడండి. పోయినేడు మొలకలొచ్చి సగం పారబోసుకున్నా."

అందరూ ఆకాశం చూశారు. మబ్బు పట్టింది. దక్షిణామూర్తి గారు ఆవరణ చుట్టూ చూశారు. గోదాముల తలుపులన్నీ మూసి ఉన్నాయి. సర్వర్ గది తలుపు తెరిచి ఉంది. ఆయన లోపలికి వెళ్లి, గోడ నుంచి గోడకు అడుగులు వేసి బయటికి వచ్చారు.

"టోకెన్ ఇచ్చాం. టోకెన్ అంటే సంస్థ మాట," అన్నారు. "ఆరుబయట జాగా లేనప్పుడు పై తరగతి నిల్వ ఇవ్వవచ్చు. గదిలో పన్నెండు టన్నులు పడతాయి. దింపండి."

"సార్, అది సర్వర్ గదండి," అన్నాడు ఇమ్మానుయేలు.

"సర్వర్‌కి పరిమితి ఉందయ్యా. గదికి లేదు."

చినుకులు మొదలయ్యేసరికి బస్తాలు లోపలికి చేరాయి. సర్వర్ మూడు వైపులా నెట్టు కట్టారు. ఇమ్మానుయేలు దాన్ని చూడాలంటే బస్తాలెక్కి వెళ్లాలి. హైమ బల్ల పట్టలేదు, బయటికి తెచ్చారు. బల్ల ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు కూడా మాన్యువల్‌లో సమాధానం దొరికింది. నిల్వదారుడు తన సరుకు దగ్గర ఉండవచ్చు. బరకం ఒక అంచు ఎత్తి, రెండు వెదుళ్లు నిలబెట్టి, బల్ల దిమ్మ మీద వేశారు.

వారం తిరిగేసరికి హైమ కాంట్రాక్టు పొడిగించిన ఉత్తర్వు వచ్చింది. పనిచేయు స్థలము అన్నచోట ఏడో దిమ్మ అని ఉంది. గదిలో వడ్లకు తేమ బాగా తగ్గిందని, ఏసీ నిల్వను మిగతా ఆవరణల్లో కూడా పరిశీలించవచ్చని జనరల్ మేనేజరు పైకి రాశారు. ఇంకెక్కడ సర్వర్లున్నాయో కనుక్కోమని పైనుంచి ఆదేశం వచ్చింది.

ఏడుకొండలు తన వడ్లు చూసుకోవడానికి వచ్చాడు. గదిలోకి వెళ్లి, తువ్వాలు చెవులకు చుట్టుకుని బయటికి వచ్చాడు. దిమ్మ దగ్గర ఆగాడు. హైమ మర్నాటి టోకెన్లు పంపుతోంది. ఎండ బల్ల దాకా వచ్చింది.

"ఏటమ్మా, మీరేమో ఎండలో, నా వడ్లేమో చల్లగా లోపల. నాకు మనసొప్పటం లేదు," అన్నాడు.

"పర్లేదు బాబాయ్. టోకెన్లు వెళ్తున్నాయి కదా."

"ఎల్తున్నాయమ్మా. మా ఊళ్లో అందరికీ వచ్చాయి. ఒక్క గింజ తడవలేదు." ఏడుకొండలు దిమ్మ అంచు మీద కూర్చోబోయాడు. పోలయ్య దగ్గాడు. ఏడుకొండలు లేచాడు. "మరి మీరు లోపలికెప్పుడు ఎల్తారు?"

"మీ వడ్లు మిల్లుకి వెళ్లాక."

ఏడుకొండలు సర్వర్ గది వైపు చూశాడు. తలుపు సందులోంచి చల్లగాలి వస్తోంది.

"చల్లదనానికి అలవాటుపడిపోయాయమ్మా," అన్నాడు. "మిల్లుకి రమ్మంటే రావేమో."